గుట్టమీది ఇంటికి నేను పెట్టిన వంకలు

ఒక్క మధ్యాహ్నంలో మనిషి ఎంత నష్టం చేయగలడో చూడాలని మీకు ఎప్పుడైనా అనిపిస్తే తుఫానులూ భూకంపాలూ అక్కర్లేదు. నడుముకు స్టీలు టేపు తగిలించుకుని, అన్నీ తెలుసనుకునే ఇరవై ఆరేళ్ల మగవాణ్ణి ఒకణ్ణి ఎవరింటికైనా పంపండి, చాలు. అలా పంపబడినవాణ్ణి నేనే. ఆ రోజు నేను నా చెల్లెలి పెళ్లిని ఇంచుమించు ఆపేశాను. ఐదు తరాల నుంచి కదలకుండా నిలబడ్డ ఇంటిని వెనక్కి తిప్పేశాను. వీటికంటే పెద్ద పని ఇంకొకటి కూడా చేశాను, అది సమయం వచ్చినప్పుడు చెబుతాను. ఇప్పుడే చెబితే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది.

అప్పట్లో నేను మన్నెగూడ చౌరస్తాలో వంటింటి అరలు తయారుచేసే దుకాణంలో కొలతలు తీసేవాణ్ణి. నా పని ఇంటింటికీ వెళ్లి గోడ పొడవు రాసుకుని రావడం. అంతవరకే అయితే నేను ఎవరికీ ప్రమాదం కాదు. కానీ ఫోన్‌లో మూడు నెలల కోర్సు ఒకటి చదివాను. ఇంటి అలంకరణ, వాస్తు, రెండూ కలిపి చెప్పే కోర్సు. చివర్లో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దానికి లామినేషన్ చేయించి టీవీ పైన వేలాడదీశాను. ఆ రోజు నుంచి నేను ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగేముందే పైకప్పు చూసేవాణ్ణి, చూసి "చ్" అనేవాణ్ణి. మా వాడలో నన్ను చాయకు పిలవడం మానేశారు. నా స్థాయికి తగ్గ ఇల్లు తమ దగ్గర లేదని వాళ్లు సిగ్గుపడుతున్నారనుకున్నాను.

నా చెల్లెలు లావణ్య ఇబ్రహీంపట్నంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మనిషి సూటిగా ఉంటుంది. ఆమెకు సంబంధాలు వస్తూనే ఉండేవి, ఆమె వద్దంటూనే ఉండేది. ఒకడు తనను మాట్లాడనివ్వలేదని, ఒకడు తానే మాట్లాడలేదని. అలాంటిది శ్రవణ్ అనే పశువుల డాక్టరుతో రెండుసార్లు బస్టాండు పక్క హోటల్లో కూర్చుని మాట్లాడి వచ్చి, మూడోనాడు అమ్మతో "సరే" అంది. ఆ మాట వినడానికి మా ఇంట్లో ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారో మీకు తెలియదు. అమ్మ ఆనందంతో చేతిలో ఉన్న గరిటెను పొయ్యి మీదే వదిలేసింది.

ఇక మిగిలింది ఇల్లు చూసి రావడం. మా వైపు సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల తరఫు పెద్దలు పిల్లవాడి ఇంటికి వెళ్లి వస్తారు. నిజానికి ఎవరూ ఇల్లు చూడరు. మంచం మీద కూర్చుంటారు, బోర్లెన్ని, బర్రెలెన్ని అని అడుగుతారు, చాయ తాగుతారు, "మంచిగున్నది" అని లేస్తారు. ఆ ఒక్క మాటతో పని అయిపోతుంది. అలాంటి పనికి నన్ను వెంట తీసుకెళ్లడం నాన్నకు అన్న, మా పెద్దబాపు ఆలోచన. "మనోడు సదివిండు గద, ఇల్లు సక్కగ చూస్తడు" అన్నాడాయన. మా ఇంట్లో ఆయన కూర్చోమంటే కూర్చోవాలి, లేవమంటే లేవాలి.

బయలుదేరేముందు లావణ్య నన్ను గడప దగ్గర ఆపింది.

"అన్నా, ఒక్కటే మాట. ఇల్లు చూసి 'మంచిగున్నది' అను. గంతే."

"మంచిగ లేకపోతే?"

"మంచిగ లేకపోయినా మంచిగున్నదే."

"గట్లెట్లనే? నేను సదివిన సదువు..."

"నీ సదువు టీవీ మీదనే ఉండనీ. నాకు గాయన నచ్చిండు అన్నా. ఇంత దూరం వచ్చినంక నీ నోటితోని కరాబు చేయకు."

ఆమె అలా అడగడం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అదే మొదటిసారి. నేను చెయ్యి గుండె మీద పెట్టుకుని మాట ఇచ్చాను. టేపు మాత్రం నడుముకే ఉంచుకున్నాను.

భాద్రపదం, ముసురు పట్టి వారమైంది. ఆ వారంలో సూర్యుడు ఎవరికీ కనిపించలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పెద్దబాపు కారులో బాపు, పెద్దబాపు, నేను వెళ్లాం. ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డు ఒక గుట్ట చుట్టూ తిరుగుతూ పైకెక్కింది. నాలుగు మలుపులు తిరిగేసరికి మేం ఎటునుంచి వచ్చామో, ఎటు చూస్తున్నామో ఎవరికీ తెలియలేదు. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

గుట్ట నడుముకు ఆనుకుని ఉంది ఇల్లు. శ్రవణ్ తాతకు తాత కట్టించినది, రాయి, సున్నం, టేకు దూలాలు. నూరేళ్లు పైబడినా గోడ ఎక్కడా బీటలు వారలేదు. శ్రవణ్ తండ్రి విఠలయ్య రెండేళ్ల కింద పట్నం నుంచి ఒక డిజైనర్‌ను పిలిపించి దాన్ని కొత్తగా చేయించాడు. ఏం చేయించాడో వినండి. మూరెడు మందం ఉన్న రాతిగోడకు, రాయిలా కనిపించే టైల్స్ అతికించారు.

నేను ఇచ్చిన మాట అక్కడే సగం కరిగింది.

విఠలయ్య గుమ్మంలోకి ఎదురొచ్చాడు. తెల్లటి చొక్కా, చేతిలో రిమోట్. "రాండ్రి, రాండ్రి. పిల్లగాడు ఉండేటోడే, పక్కూర్ల బర్రె ఈనుడు కష్టమైందని ఉరికిండు. వస్తడు. ముందుగాల ఇల్లు చూస్తరా, చాయ తాగుతరా?"

"చాయ" అన్నాడు బాపు.

"ఇల్లు" అన్నాను నేను.

"మావాడు గదే సదివిండు పటేలా" అని పెద్దబాపు గర్వంగా నా భుజం తట్టాడు. ఆ దెబ్బకు నా ఛాతీ ఒక అంగుళం పెరిగింది. టేపుతో కొలిచి చెబుతున్నానని అనుకోండి.

హాల్లోకి వెళ్లి అలవాటుగా పైకి చూశాను. అలాంటి టేకు దూలాలు ఇప్పుడు ఎంత వెతికినా దొరకవు. వాటిని చూడాలని నేను చూశాను, కనిపించలేదు. వాటి కింద ఫాల్స్ సీలింగని తెల్లటి తప్పుడు కప్పు ఒకటి బిగించి, దాని అంచుల్లో రంగు లైట్లు పెట్టారు. విఠలయ్య రిమోట్ నొక్కాడు. గది గులాబీ రంగైంది. మళ్లీ నొక్కాడు, నీలం. మళ్లీ నొక్కాడు, పచ్చ. పచ్చరంగులో మా బాపు కామెర్లు వచ్చినవాడిలా కనిపించాడు.

"గులాబీది పండుగలకు. నీలంది సుట్టాలొస్తే. పచ్చది ఊకెనే" అన్నాడు విఠలయ్య. "ఎట్లున్నది?"

నేను చెప్పవలసిన మాట ఒక్కటే. అది నాలుక చివరదాకా వచ్చింది కూడా. "మామా, పైనున్న బంగారానికి కింద అట్టపెట్టె కప్పినట్టున్నది" అన్నాను.

విఠలయ్య నవ్వాడు. "అవ్, మస్తు ఖర్సైంది" అన్నాడు. నా విమర్శ ఆయనకు తగల్లేదు. పొగిడాననుకున్నాడు.

తర్వాత ఎడ్లబండి చక్రం. దాన్ని గొలుసులతో పైనుంచి వేలాడదీసి చుట్టూ బల్బులు బిగించారు. పెద్దబాపు కర్మ కాలి సరిగ్గా దాని కిందే కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ ఒక కన్ను మాతో, ఒక కన్ను చక్రంతో మాట్లాడాడు.

ఆ తర్వాత విసుర్రాయి. తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్లు పిండి విసిరిన రాయి అది. దాని కింది దిమ్మెకు రంధ్రం పెట్టి, నల్లా బిగించి, చేతులు కడుక్కునే తొట్టి చేశారు. రాయి చదునుగా ఉంటుంది కదా, నల్లా తిప్పగానే నీళ్లు అందులో ఆగకుండా నేరుగా నా ప్యాంటు మీదికి వచ్చాయి. ఎక్కడ తడిసిందో చెప్పను. ఆ రోజు నేను ఎంత గంభీరంగా మాట్లాడినా ఎవరూ నా ముఖం చూసి వినలేదు.

"మామా, గిది వాడెటందుకా, చూసెటందుకా?"

"ఫొటోలు మంచిగొస్తయి" అన్నాడు విఠలయ్య.

అరుగుకు అద్దాల రెయిలింగు. రోట్లో ప్లాస్టిక్ పూలు. ధాన్యం పోసుకునే గుమ్మిలో గొడుగులు. చుట్టూ గుట్టంతా మోకాలెత్తు పచ్చగడ్డి ఉంటే, మిద్దె మీద ప్లాస్టిక్ గడ్డి చాప పరిచారట. "ఒకసారి మేక ఎక్కి గది తిన్నది. మూడు దినాలు కొడుకే దానికి వైద్యం చేసిండు" అని విఠలయ్య ఇష్టంగా చెప్పాడు. ప్రతి వస్తువు దగ్గరా నేను ఒక వంక పెట్టాను. ప్రతి వంకకూ ఆయన తల ఊపి సంతోషించాడు. నిజం చెబుతున్నాను, ఆ పూట నేను పెట్టిన వంకల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అవన్నీ నీళ్లపాలయ్యాయి, కొన్ని నా ప్యాంటు మీదే.

ఈ తిరుగుడంతా ఒక మూల నుంచి ఒక ముసలామె చూస్తూ ఉంది. విఠలయ్య తల్లి. ముందు చాట పెట్టుకుని పల్లికాయలు ఒలుస్తోంది. నేను వంక పెట్టినప్పుడల్లా ఒక కాయ టప్పుమని పగిలేది. ఆమె ఒక్క మాటా అనలేదు. ముసలామెకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

మర్యాదగల మనిషైతే అక్కడితో కూర్చుని చాయ తాగేవాడు. నాకేమో కడుపు మండుతోంది. మూడు నెలలు చదివిన నేను మాట్లాడుతుంటే ఈయన నవ్వుతాడా? ఈయన తలకెక్కే మాట ఒక్కటైనా చెప్పకుండా ఎలా పోతాను? చెల్లెలు, మాట, గుండె మీద చెయ్యి, ఏవీ గుర్తు లేవు. కోర్సులో రెండో సగం గుర్తొచ్చింది. వాస్తు.

ఫోన్ తీశాను. ఆ ఫోన్‌కు పుస్తకంలా తెరుచుకునే తోలు కవరు ఉండేది. పుట్టినరోజుకు లావణ్యే కొనిచ్చింది. మూస్తే దానంతట అదే టప్పున అతుక్కునేది. ఆ చప్పుడు నాకెంత ఇష్టమో! కవరు రేకును వెనక్కి మడిచి, దర్వాజ ముందు నిలబడి, దిక్సూచి తెరిచాను. ముల్లు ఊగి ఊగి నిలబడింది.

"మామా" అన్నాను మెల్లగా, దవాఖానలో పెద్ద డాక్టరు రిపోర్టు చదివినట్టు. "మీ దర్వాజ ఏ దిక్కు?"

"తూర్పు."

"కాదు. పడమర."

మొదటిసారి విఠలయ్య నవ్వు ఆగిపోయింది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

"గట్లెట్లయితది బిడ్డా? రోజు పొద్దు గీ దర్వాజల్నే పొడుస్తది."

"మీకట్ల కనిపిస్తది మామా. ఉత్తరాయణం, దక్షిణాయనం అని రెండుంటయి. సూర్యుడు ఒక్కతాన ఉండడు. జరుగుతుంటడు."

"గింత జరుగుతడా?"

"గుట్ట మీద గదా. ఎత్తు."

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను. సూర్యుడి గురించి, ఫిజిక్స్ లెక్చరర్ అన్నను. మీరు నవ్వుకోండి, నేను కాసేపు తల దించుకుంటాను.

దిక్కు తిరిగితే ఇంట్లో ఉన్నవన్నీ తిరుగుతాయి. నేను ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టాను. వంటిల్లు ఆగ్నేయంలో ఉందనుకుంటున్నారు, అది వాయవ్యం. పెద్దవాళ్లు పడుకునే గది నైరుతి అనుకుంటున్నారు, అది ఈశాన్యం. వెనక గుట్ట ఉంది కదా, అది తూర్పు, అంటే తూర్పంతా బరువే. ఇక బావి. ముంగిట్లో రాతి ఒరతో పాతకాలపు బావి ఒకటుంది. దాన్ని ఈశాన్యంలో తవ్వామని వాళ్ల తాతలు పొంగిపోయి ఉంటారు.

"గా బాయి ఉన్నది నైరుతి మూల" అన్నాను.

పెద్దబాపు చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన ఫోన్‌లో రోజూ చూసేది వాస్తు వీడియోలే. దారిలో అవి చూసీ చూసీ ఫోన్ చచ్చిపోయింది. మా బాపుదీ విఠలయ్యదీ నొక్కుల ఫోన్లు. అంటే ఆ గుట్ట మొత్తం మీద దిక్కు చెప్పగలిగే యంత్రం నా చేతిలోది ఒక్కటే.

"నైరుతిల బాయా!" అన్నాడు పెద్దబాపు. "ఇంటి పెద్దకు గండం గదరా!"

ఇంటి పెద్ద ముఖం తెల్లబోయింది. పుట్టినప్పటినుంచీ ప్రతి ఉదయం తన ముఖం మీద ఎండ పడే దర్వాజలో నిలబడి, ఆ మనిషి నా ఫోన్‌ను నమ్మడం మొదలుపెట్టాడు. "అందుకేనా" అన్నాడు నెమ్మదిగా. "పోయినేడు బోరు ఎండింది. తమ్ముని కాలు ఇరిగింది. గీ రిమోటు గూడ రెండుసార్లు కరాబైంది."

"రిమోటు గూడనా!" అన్నాడు పెద్దబాపు.

"అవ్."

"తమ్మీ, లే. పోదాం" అని పెద్దబాపు మా బాపుతో అన్నాడు. "గిట్లాంటి ఇంట్ల పిల్లనెట్లిస్తం?"

బాపు లేవలేదు. కూర్చోనూ లేదు. సగంలో ఆగి నా వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, అదే నాకు నచ్చలేదు. విఠలయ్య చేతిలో రిమోట్ అలాగే ఉంది. ఎక్కడ నొక్కుకుందో ఏమో, హాలంతా గులాబీ రంగైంది.

అప్పుడే ఫోన్ మోగింది, లావణ్య మెసేజ్. "ఏమైంది?"

నేను చాలా నిజాయితీపరుణ్ణి కదా, వెంటనే జవాబిచ్చాను. "ఇల్లు పడమర ముఖం. నైరుతిల బాయి. పెద్దబాపు లేచిండు."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నది చెప్పిన."

తర్వాత ఒక్క వాక్యం వచ్చింది. "నిన్ను ఒక్క మాట అడిగిన అన్నా."

అది చదివాక నా ఛాతీ పెరిగిన అంగుళం తగ్గిపోయింది, ఇంకో నాలుగంగుళాలు లోపలికి పోయింది. చెల్లెలు నన్ను అడిగింది ఒక్కటే. నేను వరుసగా పదిహేను మాటలు మాట్లాడి దాన్ని ముంచాను. అయినా వెనక్కి తీసుకోవడమెలా? దిక్సూచి అబద్ధమాడుతుందా? చెల్లెల్ని గండం ఉన్న ఇంటికి పంపుతామా? నన్ను నేను ఇలా సమర్థించుకుంటూ చెప్పులు వెతుక్కుంటున్నాను.

టప్పుమని పల్లికాయ పగిలింది.

"ఆగుండ్రి" అంది అవ్వ. అప్పటిదాకా మాట్లాడని మనిషి గొంతు విని అందరం అటు తిరిగాం. "చాయ తాగకుండ గీ ఇంట్లకెళ్లి ఎవ్వలు పోలె. సంబంధం ఖాయం కాకుంటె మానె. మిద్దె మీద కూసొని తాగుదాం పాండ్రి."

"అవ్వా, నువ్వు మెట్లెక్కలేవు" అన్నాడు విఠలయ్య.

"ఎక్కుత."

ఎక్కింది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఆగుతూ, ఇరవై రెండు మెట్లు ఎక్కింది. మెట్లు లెక్కపెట్టడం నా వృత్తి కాబట్టి తెలుసు. పైన ఆ ప్లాస్టిక్ గడ్డి మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక వైపు కింద దూరంగా చెరువు, ఇంకో వైపు ఇంటి వెనక గుట్ట. ఆకాశమంతా మబ్బు. చాయ వచ్చింది. అవ్వ ఊదుకుంటూ, తీరిగ్గా, గంటకు ఒక గుక్క చొప్పున తాగుతోంది. పెద్దబాపు గడియారం చూసుకుంటున్నాడు.

"బిడ్డా" అంది నన్ను చూసి. "నాకు సదువు రాదు. నీ డబ్బల చూసి జర దిక్కులు చెప్పు. ఇన్నేండ్ల సంది తప్పు దిక్కుకు దండం పెడుతున్ననేమో."

ఆ మాట అడిగే తీరులో ఎంత అమాయకత్వం! నాకు జాలి కూడా కలిగింది. ఫోన్ చేతిలో పెట్టుకుని ఆమె పక్కన వంగి నిలబడ్డాను.

"చూడు అవ్వా. గా చెరువు దిక్కు పడమర. గీ గుట్ట దిక్కు తూర్పు."

"ఏది తూర్పు?"

"గుట్ట."

"జర గట్టిగ చెప్పు బిడ్డా. మీ పెద్దబాపుకు ఇనపడాలె."

"గుట్ట దిక్కు తూర్పు!" అని అరిచాను. గుట్ట కూడా విన్నది.

"మంచిది. కూసో" అంది అవ్వ. ఇంకో గుక్క తాగింది.

కాసేపటికి గాలి వచ్చింది. ఇంటి వెనక, గుట్ట కొనకు కొంచెం పైన, మబ్బు అంచు చిరిగింది. అందులోంచి ఎర్రటి వెలుగు మిద్దె మీద పడింది. ప్లాస్టిక్ గడ్డి ఎర్రగా మారింది, మా బాపు ముఖం ఎర్రగా మారింది, పెద్దబాపు గ్లాసులో చాయ ఎర్రగా మారింది. వారం తర్వాత సూర్యుడు కనిపించాడు. కనిపించి, ఏ తొందరా లేకుండా, నేను గట్టిగా అరిచి చూపించిన తూర్పులో, కిందికి దిగసాగాడు.

ముందు చెప్పానే, పెళ్లి ఆపడం కంటే, ఇల్లు తిప్పడం కంటే పెద్ద పని ఒకటి చేశానని. అది ఇదే. నేను సూర్యుణ్ణి తూర్పున అస్తమింపజేశాను.

అందరూ సూర్యుణ్ణే చూస్తున్నారు. నేను మాత్రం, చూడండి నా తెగువ, "గుట్ట మీద గదా, ఎత్తు..." అని మొదలుపెట్టాను. పెద్దబాపు నా వైపు తిరిగిన తీరుకు ఆ మాట అక్కడే ఆపేశాను.

సూర్యుడు సగం మునిగాక అవ్వ గ్లాసు కింద పెట్టింది.

"బిడ్డా, పొద్దుకు జర చెప్పి రారాదు? పాపం, దారి తప్పినట్టున్నది."

ముందు బాపు నవ్వాడు. మా బాపు అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, కుర్చీ చేతులు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా. తర్వాత విఠలయ్య. ఆయనైతే సూర్యుణ్ణి తప్పిపోయి తిరిగొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. బావి మళ్లీ ఈశాన్యానికి వచ్చింది, గండం పోయింది, రిమోట్ ఎందుకు పాడైందో మాత్రం మళ్లీ తెలియకుండా పోయింది.

"అరవై ఏండ్ల సంది గా గడపకు పసుపు రాస్తున్న" అంది అవ్వ, నవ్వకుండా. "లోపట కూసొని రాస్తుంటే పొద్దు నా మొకం మీదనే పొడుస్తది. నువ్వు డబ్బ పెట్టి చూసినవ్. దర్వాజల ఒక్క పొద్దుగాల నిలవడి చూడలె."

"మరి నువ్వు ముందుగాలనే ఎందుకు చెప్పలే అవ్వా?" అన్నాడు పెద్దబాపు.

"చెప్తె ఇంటరా మీరు? మీకు డబ్బ చెప్పాలె, లేకుంటె పొద్దు చెప్పాలె."

బాపు కళ్లు తుడుచుకుని విఠలయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చేయకు బావా. మావాడు సదివింది మూడు నెలలే. ఆరు నెలలు సదివితే పొద్దును నిజంగనే తిప్పేటోడు."

బావా. వచ్చినప్పటినుంచి మావాళ్లు పటేలా అంటున్న మనిషిని బాపు బావా అన్నాడు. మా వైపు ఆ పిలుపు పడ్డాక సంబంధం ఖాయమైనట్టే, ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. పెద్దబాపు కూడా దగ్గి, గొంతు సవరించుకుని, "మంచిగున్నది ఇల్లు" అన్నాడు. నేను అనవలసిన మాట. నా నుంచి లాక్కుని ఆయనే అనేశాడు.

మెట్లు దిగుతుంటే లావణ్య ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది. "ఏమైంది చెప్పు."

"ఖాయమైంది. బాపు బావా అన్నడు. దర్వాజ తూర్పే, దిక్సూచే తప్పు చెప్పింది."

అవతల పెద్ద నిట్టూర్పు. తర్వాత లెక్చరర్ గొంతు వచ్చింది. "దిక్సూచి చూసేటప్పుడు ఫోన్ కవరు తీసినవా?"

"ఎందుకు తీయాలె?"

"గది టప్పున ఎందుకు అతుక్కుంటదనుకున్నవ్ అన్నా? దాంట్ల అయస్కాంతం ఉంటది!"

కవరు ఊడదీశాను. ముల్లు బద్ధకంగా కదిలి, సగం చుట్టు తిరిగి, దర్వాజను తూర్పని ఒప్పుకుంది. మూడు నెలల కోర్సులో ఈ పాఠం లేదు. ఇంటర్ ఫిజిక్స్‌లో ఉందట. నేను ఇంటర్ కూడా చదివాను, దాని సంగతి ఇక్కడ వద్దు.

వెళ్లేముందు అవ్వ నన్ను చేత్తో పిలిచింది. చెవి దగ్గరకు వంగాను. "రంగు లైట్ల సంగతి మాత్రం నిజం చెప్పినవ్ బిడ్డా. గవ్వి చూస్తె నా తల తిరుగుతది. ఇసుర్రాయిని గట్ల చేసినందుకు వారం దినాలు అన్నం తినలె. గది జర గట్టిగ చెప్పకపోతివి. దిక్కులు అరిచినవ్."

చూశారా? చెప్పవలసిన చోట నా గొంతు లేవలేదు, నోరు మూసుకోవలసిన చోట గుట్ట దద్దరిల్లేలా అరిచాను. ఇంత వంకర మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు, అద్దంలో తప్ప.

పెళ్లి ఆ ఇంటి ముంగిట్లోనే జరిగింది. అయ్యగారు "పిల్లగాడు తూర్పు ముఖం కూర్చోవాలె" అనగానే పందిట్లో ఉన్న ప్రతి తలా నా వైపు తిరిగింది. వియ్యాలవారి పిల్లలంతా సూర్యుణ్ణి వెతుకుతున్నట్టు నుదుటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. లావణ్య తన తరగతిలో అయస్కాంతం పాఠం వచ్చిన ప్రతి ఏడూ నన్ను ఉదాహరణగా చెబుతుంది. ఇబ్రహీంపట్నం బస్టాండులో ముక్కూ మొహం తెలియని పిల్లలు నన్ను చూసి ముసిముసిగా నవ్వుతుంటారు. దూలాల కింది తప్పుడు కప్పును మాత్రం శ్రవణ్ ఊడబీకించాడు. విసుర్రాయి మళ్లీ పిండి విసురుతోంది. ఈ రెండింటిలో నా గొప్ప ఏమీ లేదు, అవ్వ ఒక్క మాట చెప్పింది, లావణ్య చేయించింది.

కాబట్టి మీ అందరి ఎదుట, అవ్వ పసుపు రాసే ఆ గడప సాక్షిగా, గుట్ట వెనక దిగే సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎవరింటికి వెళ్లినా పైకప్పు చూడను. గోడ కొలవను. టేపు దుకాణంలోనే వదిలి వెళతాను. ఇంటి గురించి నా నోట ఒకే ఒక్క మాట వస్తుంది, నా చెల్లెలు నేర్పిన మాట. ఆ ప్రమాణానికి ఇప్పటిదాకా కట్టుబడే ఉన్నాను.

ఎంత కట్టుబడి ఉన్నానంటే, మొన్న ఆ ఇంటికి పోతే అవ్వ ఎప్పటిలాగే దర్వాజలో కూర్చుని, చాట ముందు పెట్టుకుని, వియ్యాలవారి పిల్లలందరూ వినేలా అడిగింది.

"వచ్చినవా బిడ్డా? చెప్పు, పొద్దు ఎటు పొడుస్తది?"

"మంచిగున్నది అవ్వా" అన్నాను.